మా అభ్యంతరం వంతెన గురించే

మెరిన్స్ గల్లీ,
2018 ఆగస్టు 15, బుధవారం.

చిరంజీవి డారిల్ ఇంగ్లిస్‌కు,

నీ పాత ఇంగ్లీషు టీచరు ఎనిడ్ పెంగెల్లీ దీవించి రాస్తున్నది. నలభై ఏడేళ్లవాణ్ణి చిరంజీవి అనవచ్చా అని కాసేపు సందేహించాను. నాకు ఎనభై నాలుగు నిండాయి. నాకంటే చిన్నవాళ్లందరూ చిరంజీవులే అనుకుంటే ఊరంతా చిరంజీవులే. ఇక్కడ మేమందరం క్షేమం. నీ పుస్తకం మాత్రం క్షేమంగా లేదు.

అక్టోబరులో మన గ్రంథాలయానికి నూట యాభై ఏళ్లు నిండే రోజున వచ్చి, నీ నవల ‘తెల్లరాయి గని’లోంచి కొన్ని పేజీలు చదువుతానని నువ్వు రాసిన ఉత్తరం అందింది. పాఠకుల క్లబ్బుకి కార్యదర్శిని నేనే కాబట్టి జవాబు రాసే పని నా మెడకి చుట్టుకుంది. జవాబు ముందే చెప్పేస్తాను. రహస్యాన్ని ఆఖరి పేజీదాకా దాచడం నీ వృత్తి, నాది కాదు. తొమ్మిదిమంది వద్దన్నారు, ఇద్దరు రమ్మన్నారు. అంచేత నిన్ను పిలవడం లేదు.

ఎందుకు వద్దన్నారో తెలుసుకునే హక్కు నీకుంది. నిన్న మధ్యాహ్నం రెండింటికి హాల్లో జరిగింది జరిగినట్టు రాస్తాను. తీపి కలపను. నా చేతి కేకు తిన్నవాడివి, నేను తీపి ఎంత తక్కువ వేస్తానో నీకు తెలుసు.

మా పద్ధతి ఇది. ప్రతివాళ్లూ పుస్తకం మీద అభిప్రాయం ఒక చీటీ మీద రాసి, పదికి ఎన్ని మార్కులో వేసి, పేరు పెట్టకుండా మడిచి, ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పడేస్తారు. నేను ఒక్కొక్కటే తీసి చదువుతాను. పేరు లేకపోతే జనం మనసులో మాట రాస్తారని మా అధ్యక్షురాలు నోలా హాకింగ్ పెట్టిన ఏర్పాటు. క్లబ్బులో పదిమందిమి. అందులో ఆరుగురికి దస్తూరీ దిద్దించింది నేనే. పేరు పెట్టకపోతే నేను పోల్చుకోలేనని వాళ్లు నమ్ముతారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఉంటుంది ఆ నమ్మకం. పాపం అని ఊరుకుంటాను.

మొదటి చీటీ నోలాదే. పదికి రెండు. నీ కథ జరిగేది 1869లో. నీ హీరో ఎడ్మండ్ వేన్ మూడో అధ్యాయంలో వాగు మీది రాతి వంతెన దాటుతాడు. ఆ వంతెన కట్టింది 1874లో. పునాదిరాయి వేసింది నోలా ముత్తాత, రాయి మీద ఆయన పేరు ఇప్పటికీ ఉంది. లేని వంతెన మీద నీ హీరో నడిచాడంటే ఆవిడ ముత్తాత గుండెల మీద నడిచినట్టే. నేను చీటీ చదవడం పూర్తయ్యాక, అది తనది కానట్టే మొహం పెట్టి, ఎవరు రాశారో గానీ బాగా రాశారంది.

తర్వాత నోలా ఒక మాట అంది. మధ్యాహ్నం నాలుగయ్యేలోగా ఆ మాటే మరో నలుగురి నోట విన్నాను.

“ఆ విషయం మీద నాకేం అభ్యంతరం లేదు. నా అభ్యంతరమంతా వంతెన గురించే.”

ఆ విషయం అంటే నీ హీరో మగవాణ్ణి ప్రేమించే మగవాడు కావడం. మన ఊళ్లో దానికి వేరే పేరు లేదు. ఉన్న పేర్లు హాల్లో అనడానికి బాగుండవు.

రెండో చీటీ బెవ్ స్ట్రాహన్‌ది. నువ్వు వెళ్లేనాటికి పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చునేది, గుర్తుందా? ఇప్పుడు రిటైరైంది. ఏ పుస్తకమైనా ఆఖరి పేజీ ముందు చదివి, హంతకుడెవరో తెలుసుకుని, వాడు నచ్చితేనే మొదటి పేజీకి వస్తుంది. పదికి మూడు వేసింది. బల్లారట్‌లో వేసిన ఉత్తరం మర్నాటికల్లా ఇక్కడికి ఎలా చేరిందని అడిగింది. ఇప్పటికీ నాలుగు రోజులు పడుతోంది కదా, 1869లో గుర్రాలు అంత పనిమంతులా అంది. పన్నెండో అధ్యాయంలో ఎడ్మండూ ఆ గని ఇంజనీరూ గదిలోకి వెళ్లే ఘట్టం గురించి కూడా ఆవిడకి ఒక ఫిర్యాదు ఉంది. అది చీటీలో రాయలేదు, నోటితోనే చెప్పింది.

“తలుపు వేస్తే వెయ్యమను, తీస్తే తియ్యమను. సగం తీసి వదిలేస్తే తొంగి చూసి చూసి నా మెడ పట్టేసింది.”

అందరూ నవ్వారు. బెవ్ నవ్వలేదు. నిజంగానే మెడ తిప్పి చూపించింది.

మూడోది కీత్ లాబ్. రైల్వేలో నలభై ఏళ్లు చేసినవాడు. నీ రైలు ఏడుంపావుకి బయలుదేరిందని రాశావట, అది ఏడూ ఇరవై రెండట. పదికి ఒకటి. మిగతా చీటీలు కూడా ఇదే వరస. కొవ్వొత్తి అంతసేపు వెలగదు, ఆ కాలంలో ఆ రకం గుండీలు లేవు, కాకాటూ పిట్ట ఆ నెలలో అలా అరవదు. ఒక చీటీలో అయితే మొత్తం మూడే మాటలు: “ఇంత అవసరమా? సున్నా.” ఆ చీటీ ఎవరిదో చెప్పను. ఆవిడ నీకు దూరపు చుట్టం.

చూశావా, చీటీల్లో ఒక్కరూ ఆ విషయం ఎత్తలేదు. నీ పుస్తకంలో మూడువందల నలభై పేజీలున్నాయి, ఎత్తడానికి కావలసినంత ఉంది. అందరూ గుండీలూ కొవ్వొత్తులూ పట్టుకు వేలాడారు.

నా మనవరాలు టెగన్ నన్ను కారులో దింపడానికి వచ్చి అక్కడే కూర్చుంది. ఇంటికెళ్లే దారిలో, పోయినేడు మగవాళ్లు మగవాళ్లని పెళ్లి చేసుకునే చట్టం గురించి పోస్టులో ఓటు వేసినప్పుడు వీళ్లలో చాలామంది సరేనన్నవాళ్లే కదా నానమ్మా, మళ్లీ ఇదేంటి అని అడిగింది. గళ్లో గీత గీయడం ఒకటి, మూడువందల నలభై పేజీలపాటు పక్కన కూర్చోబెట్టుకోవడం ఒకటి అన్నాను. టెగన్‌కి ఈ తేడా నచ్చలేదు. నాకూ నచ్చదు. నచ్చకపోయినా తేడా తేడాయే.

బయటి లోకం నిన్ను నెత్తిన పెట్టుకుందేమో చూద్దామని టెగన్ ఫోనులో పాఠకుల అభిప్రాయాలు చదివి వినిపించింది. ఒకాయన నీకు ఒకే నక్షత్రం ఇచ్చాడు, ఎందుకంటే పుస్తకం తెచ్చినవాడు వానలో గుమ్మం ముందు పడేసి పోయాడట. ఇంకొకావిడ, ఇద్దరు మగాళ్లు ముద్దు పెట్టుకుంటుంటే ఆధారాల మీద దృష్టి నిలవడం లేదంది. మూడో ఆయన రెండు నక్షత్రాలిచ్చి, అలాంటి హీరో చివరి పేజీదాకా బతికి ఉండటం నమ్మశక్యంగా లేదన్నాడు. ఆ మాట దగ్గర టెగన్ చదవడం ఆపేసింది. నేనూ చదవమనలేదు.

ఇక నా అభిప్రాయం. పదికి నాలుగు. వంతెనకి మార్కులు తగ్గించలేదు, వంతెనలు ఎవరైనా కట్టుకోవచ్చు. నాలుగు మార్కులూ నీ వాక్యానికి. నీ వాక్యం పదకొండో తరగతిలోనే బాగుండేది. పోగొట్టుకున్న ఆరూ నీ హీరోకి. ఎడ్మండ్ వేన్ శవపంచనామా రాసే గుమస్తా. బంగారం కొనే వర్తకుణ్ణి ఎవరు చంపారో కనిపెట్టే తెలివి ఉందంటే ఒప్పుకుంటాను. అయితే వాడు తాగడు, అబద్ధమాడడు, వానలో కుంటి గుర్రానికి తన కోటు కప్పుతాడు. అలాంటి మగవాణ్ణి ఎవరు ప్రేమించినా నాకు సమ్మతమే. ముందు అలాంటివాణ్ణి ఒకణ్ణి చూపించు. మా ఆయనతో యాభై రెండేళ్లు కాపురం చేసి అడుగుతున్నాను.

వాడు అందరినీ క్షమిస్తాడు. లంచం తిన్న మేజిస్ట్రేటుని క్షమించాడు. మొగుడికి విషం పెట్టిన ఇల్లాలిని క్షమించి, ఆవిడ సామాను కూడా బండిలో పెట్టించాడు. ఒక్కణ్ణి మాత్రం క్షమించలేదు. ఆ ఒక్కడూ రోలండ్ మొరాంట్. మాంసం కొట్టువాడి కొడుకు. ఎడమచేతి ఉంగరపు వేలికి చివర ఉండదు. ఎడ్మండ్ చిన్నప్పుడు వాణ్ణి ప్రేమించి ఉత్తరం రాస్తే, వాడు ఆ ఉత్తరం తీసుకెళ్లి ఎడ్మండ్ తండ్రి చేతిలో పెడతాడు. రెండువందల ఎనభై ఒకటో పేజీలో వాడు గని గుంటలో పడి చస్తాడు. ఎవరూ తోయలేదు, చీకట్లో కాలు జారింది అని రాశావు. కాలు జారలేదు డారిల్. నువ్వు తోశావు.

ఇప్పుడు ఈ ఉత్తరంలో అసలు సంగతికి వస్తున్నాను.

మే నెలలో మెల్‌బోర్న్ పత్రికవాళ్లు నీతో మాట్లాడి వేసిన పేజీ ఇక్కడ అందరూ చదివారు. పదహారేళ్లప్పుడు నమ్మిన స్నేహితుడికి ఒక ఉత్తరం రాశాననీ, వాడు దాన్ని మా నాన్నకి అందించాడనీ, మర్నాడు నన్ను బస్సెక్కించి పంపేశారనీ చెప్పావు. స్నేహితుడి పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. మెరిన్స్ గల్లీలో వేలు తెగిన మాంసం కొట్టువాడి కొడుకు ఒక్కడే ఉన్నాడు.

రస్ మొరాండి ఇప్పుడు వాళ్ల నాన్న కొట్టే నడుపుతున్నాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, ఎప్పుడు చూసినా చేతిలో కత్తి ఉంటుంది. తల్లి పోయేదాకా తల్లిని చూసుకున్నాడు. నాకు కీళ్లనొప్పి వచ్చిన ఏడాది మాంసం ఇంటికి తెచ్చి, ముక్కలు చేసి, గిన్నెలో వేసి వెళ్లేవాడు. మూడు నెలలుగా వాడు ఊరి నోట్లో పడి నలుగుతున్నాడు. సాసేజీలు కొనుక్కునేవాళ్లు, రస్, మా ఇంటి సంగతులు ఎవరికి చేరవేశావురా అని నవ్వుతారు. ఒక పొద్దున కొట్టు అద్దం మీద ఎవరో తపాలా బిళ్ల అంటించి పోయారు. ఫుట్‌బాల్ క్లబ్బు ఇరవై ఏళ్లుగా శనివారం పొయ్యి మీద కాల్చే మాంసం వాడి దగ్గరే కొనేది, ఇప్పుడు పక్క ఊరినుంచి తెప్పిస్తోంది.

నీ మీద ఇసుమంత జాలి పడనివాళ్లకి కూడా వాడి మీద కోపం వచ్చింది. మనవాళ్ల సంగతి తెలుసుగా. హంతకుడికైనా ఒక గ్లాసు బీరు పోస్తారు. చాడీ చెప్పినవాడికి మంచినీళ్లు పుట్టవు. బళ్లో పిల్లలకి ఎక్కాలకంటే ముందు వచ్చే తిట్టు అదే.

నిన్న చీటీలన్నీ అయిపోయి, నిన్ను పిలవాలా వద్దా అని ఓటు వెయ్యబోతుండగా రస్ హాల్లోకి వచ్చాడు. కొట్టు మధ్యలో మూసి వచ్చినట్టున్నాడు, జుట్టు తడిపి దువ్వుకున్నాడు. నీ పుస్తకానికి మాంసం చుట్టే కాగితంతో అట్ట వేసి, చంకలో పెట్టుకున్నాడు. బళ్లో రెండు పేజీల పాఠం చదవమంటే కడుపునొప్పి వచ్చే పిల్లవాడు, ఐదు వారాలు కూర్చుని ఆ పుస్తకం మొత్తం చదివాడట.

ఇది సభ్యుల సమావేశం రస్, అని నోలా అంది. తెలుసు నోలా, ఒక్క నిమిషం, అన్నాడు. బెవ్ పక్క కుర్చీలో ఉన్న తన సంచీ తియ్యలేదు. వాడు నిలబడే మాట్లాడాడు.

“పుస్తకాల గురించి నాకు తెలీదు. ఇందులో ఆ మాంసం కొట్టు కుర్రాడు నేనేనని అందరూ అంటున్నారు, చదివాను, నేనే. కొట్లో కొక్కేలు కూడా మావే. కానీ ఆ ఉత్తరం ఏంటో నాకు తెలీట్లేదు. నాకెవరూ ఉత్తరం రాయలేదు. జన్మలో నాకొచ్చినవన్నీ కరెంటు ఆఫీసు ఉత్తరాలే.”

కీత్ నవ్వబోయి, మానుకున్నాడు. నోలా అధ్యక్షురాలి గొంతు పెట్టింది. అప్పుడు మీరంతా చిన్నపిల్లలు, ఎవరు మాత్రం తప్పు చెయ్యరు, అయిపోయిందేదో అయిపోయింది, ఒప్పేసుకుంటే మనసు తేలికపడుతుంది కదా అంది.

“చెయ్యనిది ఎలా ఒప్పుకోను నోలా? ఒప్పుకోవడానికైనా ఏం చేశానో తెలియాలిగా.”

అప్పుడు వాడు నా వైపు తిరిగాడు. నలభై ఏడేళ్ల మనిషి, డెబ్భై కిలోల గొడ్డుతొడని భుజాన వేసుకుని నడిచేవాడు, చెయ్యెత్తి అనుమతి అడిగే పిల్లవాడిలా నిలబడ్డాడు.

“మిస్, మా ఇద్దరికీ మీరే క్లాస్ టీచర్ కదా. నేను వాడికేం చేశాను? మీకేమైనా తెలుసా?”

అప్పుడే కెటిల్ కూత పెట్టింది. నేను టీ పోయడానికి లేచాను. తిరిగొచ్చేసరికి ఓటింగు మొదలైపోయింది.

పదిమంది సభ్యులకీ పది చీటీలు పంచాము. డబ్బాలో పదకొండు వచ్చాయి. తొమ్మిది వద్దన్నాయి. రమ్మన్న రెండింటిలో ఒకటి కీత్‌ది. నీకు ఒకటే మార్కు వేసినవాడు నిన్ను రమ్మనడం వింతేమీ కాదు, ఏడూ ఇరవై రెండు గురించి నీ మొహం మీద చెబితే గాని వాడికి నిద్ర పట్టదు. రెండో చీటీ రస్‌ది. పెన్సిలుతో, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: “రానివ్వండి. నేను వాణ్ణి అడగాలి.” వాడు సభ్యుడు కాడు, లెక్కలోకి రాదు అంది నోలా. నేను లెక్కలోకి తీసుకున్నాను. ఆవిడ అధ్యక్షురాలైతే కావచ్చు, కార్యదర్శిని నేను. ఒక చీటీ చేర్చినంత మాత్రాన ఫలితం మారలేదు.

కాబట్టి నీకు అధికారికంగా తెలియజేయడమేమంటే, అక్టోబరు ఉత్సవానికి ఈ గ్రంథాలయం నిన్ను ఆహ్వానించడం లేదు. నువ్వు పంపుతానన్న రెండు ఉచిత ప్రతులు మాత్రం పంపు. ఉన్న ఒక్క ప్రతికీ పద్దెనిమిదిమంది వరుసలో ఉన్నారు. వాళ్లెవరికీ ఆ విషయం మీద అభ్యంతరం లేదట.

ఈ ఏడు చలి ఎక్కువ. ఉదయం కుళాయి గడ్డకట్టి, ఎనిమిదింటిదాకా నీళ్లు లేవు. మీ నాన్న కలప అడితి ఎవరో కొని టైర్ల కొట్టు పెట్టారు. ఆయన సమాధి చుట్టూ గడ్డి కోయించే ఏర్పాటు ఊరివాళ్లే చూస్తున్నారు, నువ్వు దిగులు పడనక్కర్లేదు. దిగులు పడుతున్నావని నేననుకోవడం లేదు.

ఆరోగ్యం జాగ్రత్త. వచ్చే నవలలో ముందు వంతెన కట్టి, ఆ తర్వాత మనుషుల్ని నడిపించు.

ఇట్లు,
ఎనిడ్ పెంగెల్లీ,
కార్యదర్శి, పాఠకుల క్లబ్బు.

తా.క.

ఆగస్టు 18, శనివారం.

పై ఉత్తరం మూడు రోజులుగా బల్ల మీదే ఉంది. కవరులో పెట్టాను, బిళ్ల అంటించాను, పోస్టుడబ్బా దాకా నడిచాను, తిరిగి వచ్చాను. పైన రాసిందంతా నిజమే. అయినా మొత్తం ఉత్తరం అబద్ధం.

నీ కథలో హంతకుణ్ణి సరిగ్గానే పట్టుకున్నావు. ఉత్తరం అందించినవాణ్ణి పట్టుకోవడంలో తప్పావు. అది రస్ కాదు. నేను.

ఆ శుక్రవారం నువ్వు నీ ఉత్తరం వాడి ఇంగ్లీషు నోటుపుస్తకంలో పెట్టావు. ఇంటికెళ్లి తెరుస్తాడనుకున్నావు. శుక్రవారం పుస్తకాలు దిద్దడానికి నాకిచ్చే రోజని మర్చిపోయావు. వాడు పుస్తకం తెరవనే లేదు, ఉన్నదున్నట్టు తెచ్చి దొంతరలో పెట్టాడు. ఆ పుస్తకంలో పేజీలు ఎప్పుడూ కొవ్వు అంటి అతుక్కుని ఉండేవి. వాటిని విడదీస్తుంటే నీ ఉత్తరం బయటపడింది. పేరు లేదు. నీ అక్షరాల తోకలు ఎడమవైపుకి పారిపోతాయి, వాటికి పేరెందుకు? రెండు పేజీలూ చదివాను. చేతిలో ఎర్రకలం ఉంది. ఒక చోట అక్షరదోషం కనిపిస్తే అలవాటు కొద్దీ దిద్దాను. దిద్దానన్న సంగతి దిద్దాక తెలిసింది.

బడి వదిలాక అడితికి వెళ్లాను. మీ నాన్న రంపం దగ్గర ఉన్నాడు. ఆ దుంగ పూర్తయి, రంపం ఆగేదాకా నాలుగు నిమిషాలు నిలబడ్డాను. వెనక్కి తిరిగి ఇంటికెళ్లడానికి ఆ నాలుగు నిమిషాలు చాలు. వెళ్లలేదు. రంపం ఆగాక ఆయన చేతిలో పెట్టాను.

ఆ ఏడాది టీవీలో ఎయిడ్స్ రోగం గురించి వేసే ప్రకటన చూసి పెద్దవాళ్లే ఉలిక్కిపడేవారు. నేనూ భయపడ్డాను, నిన్ను కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. తండ్రి కొడుకుని కూర్చోబెట్టి మాట్లాడతాడనుకున్నాను అని రాసుకోవచ్చు. కానీ మీ నాన్నకి చదువు చెప్పింది కూడా నేనే. ఆయన ఎలాంటివాడో నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. సోమవారం హాజరుపట్టీలో నీ పేరు పిలిచాను. మూడు వారాలు పిలిచాను.

మీ నాన్న ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మే నెలదాకా దానివల్ల నష్టపోయింది నువ్వొక్కడివే అనుకున్నాను. అలా అనుకుని ముప్పై ఒక్క ఏళ్లు సుఖంగా నిద్రపోయాను.

ఆ తొమ్మిది చీటీల్లో నాదొకటి. నేను నిన్ను వద్దన్నాను. నువ్వొచ్చి రస్ ఎదుట నిలబడితే అయిదు నిమిషాల్లో అంతా బయటపడుతుందని భయపడ్డాను. వంతెన కూడా నాకు అక్కరకొచ్చింది.

నిన్న పదింటికి టెగన్‌ని తీసుకుని రస్ కొట్టుకి వెళ్లాను. ఉన్న ఇద్దరూ కొనుక్కుని వెళ్లేదాకా ఆగి, ఇదంతా చెప్పాను. వాడు కత్తి బల్ల మీద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు.

“నా పుస్తకంలోనా?” అన్నాడు. నీ పుస్తకంలోనే అన్నాను.

“అంటే నాకు రాశాడు.” నీకే రాశాడు అన్నాను.

“ఏం రాశాడు మిస్, అందులో?”

నాకు ప్రతి మాటా గుర్తుంది. చెప్పలేదు. అది చెప్పాల్సింది నేను కాదు, రాసినవాడు అన్నాను. ఇన్నేళ్లలో వాడు నా మీద గొంతు పెంచింది నిన్ననే.

“ముప్పై ఒక్క ఏళ్లు మీ దగ్గర పెట్టుకుని, ఇప్పుడు మీది కాదంటారా?”

ఇక వెళ్లండి అన్నాడు. వెళ్లాను. కారులో టెగన్ నాతో మాట్లాడలేదు, ఇంకా మాట్లాడటం లేదు.

వచ్చే మంగళవారం హాల్లో ఈ తాజా కలం మొత్తం చదువుతాను. నోలా చేత సమావేశం పుస్తకంలో రాయిస్తాను, రస్ పేరు పూర్తిగా, నా పేరు పూర్తిగా. ఫుట్‌బాల్ క్లబ్బుకి ఒక నకలు పంపుతాను. పదికి ఎన్ని వేస్తారో వెయ్యనీ. నన్ను క్షమించమని అడగడం లేదు. నీ ఎడ్మండ్ అయితే క్షమించేవాడు, అందుకే వాడికి మార్కులు తగ్గించాను.

నీ ఉత్తరాన్ని ఒకసారి వేరేవాళ్ల చేతిలో పెట్టాను. మళ్లీ నా నోటితో ఎవరికీ అందించను. గ్రంథాలయం నిన్ను రావద్దంది. రస్ కొట్టు మంగళవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున ఏడింటికి తెరుస్తాడు, శనివారం పన్నెండింటికి కట్టేస్తాడు.